కోళ్లలో గురక, ముఖం వాపు: పీసీఆర్ పరీక్షపై అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో కోళ్ల వ్యాధుల నిర్ధారణ నా పని. చిత్తూరు, పలమనేరు వైపు ఫారాల నుంచి పీసీఆర్ (డీఎన్‌ఏను విడతల వారీగా రెట్టింపు చేసి గుర్తించే పరీక్ష) కోసం స్వాబ్‌లు (దూది పుల్లతో తీసిన నమూనాలు) వస్తాయి. వాటితో పాటు కొన్ని గట్టి నమ్మకాలూ వస్తాయి.

అపోహ: పీసీఆర్ పాజిటివ్ వస్తే మందకు ఆ జబ్బు ఉన్నట్టే.

పీసీఆర్‌కు జబ్బు సంగతి తెలియదు. మనం వెతకమన్న జన్యువు ముక్క స్వాబ్‌లో ఉందో లేదో మాత్రమే చెబుతుంది. చచ్చిన బాక్టీరియా డీఎన్‌ఏ కూడా దానికి దొరుకుతుంది. కాబట్టి మందు వాడిన కొద్ది రోజులకే పాజిటివ్ వచ్చిందని మందు పనిచేయలేదనుకోకండి. సీఆర్‌డీకి (మైకోప్లాస్మా గల్లిసెప్టికం అనే బాక్టీరియా తెచ్చే, కోళ్లు గురక పెట్టే దీర్ఘకాలిక శ్వాసకోశ జబ్బు) ఎఫ్ రకం, టీఎస్-11 వంటి సజీవ టీకా వేసిన మందలో ఆ టీకా మైకోప్లాస్మాయే పాజిటివ్ చూపవచ్చు. నమూనాతో పాటు టీకా వివరాలు అడిగితే కొందరు విసుక్కుంటారు. అడిగేది ఇందుకే.

అసలు చిక్కు ఏ జన్యువును వెతకాలన్న దగ్గర ఉంది. ముఖం వాచే కొరైజా జబ్బును తెచ్చే బాక్టీరియా ఏవిబాక్టీరియం పారాగల్లినారం పెంచడానికి మొండిది. దానికి ఎన్‌ఏడీ అనే పోషకం కావాలి. అందుకే రక్తపు అగర్ (బాక్టీరియాను పెంచే జెల్లీ) మీద ఆ పోషకాన్ని వదిలే స్టెఫైలోకాకస్ బాక్టీరియాతో గీత గీసి, దాని పక్కన మొలవనిస్తాం. ఈలోగా వేరే బాక్టీరియా పళ్లెమంతా కమ్మేస్తే పని మళ్లీ మొదటికే వస్తుంది. 1990లలో ఈ బాక్టీరియాను గుర్తించే హెచ్‌పీజీ-2 అనే పీసీఆర్ వచ్చాక ప్రయోగశాలలకు ఊరట కలిగింది. అయితే ఇటీవల అమెరికాలో ఏ లక్షణమూ లేని కోళ్లలోనూ అది పాజిటివ్ చూపింది. ఆరా తీస్తే, వ్యాధి కలిగించని దగ్గరి రకాలు బయటపడ్డాయి. కొత్త పరీక్షలు వ్యాధికారక రకాల్లో మాత్రమే ఉండే జన్యు భాగాలను ఎంచుకుంటున్నది ఆ తేడా పట్టుకోవడానికే. సీఆర్‌డీలోనూ ఇదే తంతు. అన్ని బాక్టీరియాల్లోనూ ఉండే 16ఎస్ జన్యువు మీద ఆధారపడితే మైకోప్లాస్మా గల్లిసెప్టికం, దాని దగ్గరి రకం మైకోప్లాస్మా ఇమిటాన్స్ కలగలిసిపోతాయి. ఎంజీసీ2 వంటి జన్యువు తోడైతేనే ధైర్యంగా చెప్పగలం.

అపోహ: సైకిళ్లు పెంచితే పరీక్ష మెరుగవుతుంది.

ప్రతి సైకిల్‌కు డీఎన్‌ఏ ఇంచుమించు రెట్టింపవుతుంది, నిజమే. కానీ నలభై దాటాక కనిపించే సంకేతాన్ని నేను అనుమానంగానే చూస్తాను. పక్క ట్యూబు నుంచి వచ్చిన కల్తీ కూడా అక్కడే తల ఎత్తుతుంది. దానికంటే ప్రతి నమూనాలో అంతర్గత కంట్రోల్ (చర్య సరిగా జరిగితే తప్పక సంకేతం ఇవ్వాల్సిన డీఎన్‌ఏ) పెట్టడం మేలు. రక్తమో చీమిడో చర్యను అడ్డుకుంటే ఆ కంట్రోల్ కూడా విఫలమవుతుంది. అప్పుడది నెగటివ్ కాదని, మళ్లీ చేయాలని తెలుస్తుంది. ఖర్చు తగ్గించడానికి అయిదు స్వాబ్‌లు కలపడం తప్పేమీ కాదు. వాటిలో ఒక్కటే పాజిటివైతే అది అయిదింతలు పలచబడి, సంకేతం రెండు మూడు సైకిళ్లు ఆలస్యమవుతుంది. బాక్టీరియా బాగా ఉన్న కోడిలో ఆ ఆలస్యం లెక్కలోకి రాదు. తొలి దశలోని కోడి మాత్రం తప్పించుకోవచ్చు.

అపోహ: నెగటివ్ వస్తే నిశ్చింతగా ఉండవచ్చు.

స్వాబ్ ఎక్కడ తీశారు? అంగిలి చీలికలోనా, శ్వాసనాళంలోనా, లేక ముక్కు బయట తుడిచారా? మధ్యాహ్నపు ఎండలో బైకు డిక్కీలో ప్రయాణించిందా? కర్ర పుల్ల స్వాబ్ వాడితే ఆ కర్రలోని పదార్థాలే పీసీఆర్‌ను అడ్డుకోవచ్చు. ప్లాస్టిక్ పుల్ల, పాలిస్టర్ దూది ఉన్నది తీసుకోండి. ముఖం అప్పుడే వాచిన, ఇంకా మందు పట్టని నాలుగైదు కోళ్లను ఎంచుకుని, స్వాబ్‌లను మంచు పెట్టెలో పెట్టి అదే రోజు పంపండి.

అపోహ: ఏ మందు వాడాలో పీసీఆర్ చెబుతుంది.

సాధారణ పీసీఆర్ బాక్టీరియా పేరు చెబుతుంది. దాన్నిబట్టి కొన్ని మందులు పనికిరావని మాత్రం తేల్చవచ్చు. మైకోప్లాస్మాకు కణకవచమే లేదు కనుక పెన్సిలిన్ పోసి లాభం లేదు. మిగతా బాక్టీరియాకు ఏ మందు పనిచేస్తుందో తేలాలంటే దాన్ని పెంచి, మందుల బిళ్లలతో పరీక్షించాలి. సీఆర్‌డీ వెనకే వచ్చి గాలిసంచుల్ని చెడగొట్టే ఈకోలై విషయంలో మేము చేసేది అదే. దానికోసం పీసీఆర్ స్వాబ్ చాలదు. చనిపోయి ఎక్కువసేపు కాని కోడిని కూడా పంపండి.