ఉండమంటావా, వచ్చేయమంటావా? రంగం నుంచి హైదరాబాద్ దాకా మావాళ్ల ప్రశ్న

పోయిన ఆదివారం రాత్రి పదిన్నరకి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. హైదరాబాద్‌లో ఐటీ కంపెనీ, టెస్టింగ్ పని, తొమ్మిదేళ్ల సర్వీసు. రెండు నెలలుగా బెంచ్ మీద, అంటే ఏ ప్రాజెక్టూ లేకుండా, ఉన్నాడట. హెచ్‌ఆర్ వాళ్లు పిలిచి నీ అంతట నువ్వే రిజైన్ చేస్తే మూడు నెలల జీతం ఇస్తాం, లేకపోతే మేమే తీసేయాల్సి వస్తుంది అన్నారట. ఇంట్లో భార్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు. "అన్నియ్యా, ఇక్కడే ఉండి వెతుక్కోమంటావా, ఊరొచ్చేయమంటావా?" అనడిగాడు.

వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. 2009లో ఇదే ప్రశ్న నేను మా నాన్నని అడిగాను, దాదాపు ఇవే మాటల్లో. అంతకుముందు మా నాన్న వాళ్ల తాతకి, ఆయన తమ్ముడికి ఇదే ప్రశ్న బర్మాలోని రంగంలో ఎదురైంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఇంటి తలుపు తట్టినా ఇలాంటి కథ ఒకటి ఉంటుంది కాబట్టి, తమ్ముడికి చెప్పాల్సిన జవాబు కోసం నేను మొదటి నుంచీ గుర్తు చేసుకుంటూ వచ్చాను. నాకు అర్థమైంది ఒకటే. మావాళ్లు పట్నంలో ఉండాలా, తిరిగి రావాలా అన్నది ఎప్పుడూ అక్కడ పని దొరుకుతుందా లేదా అన్న దాని మీద తేలలేదు, ఎవరికి ఎంత బాకీ ఉన్నారన్న దాని మీదే తేలింది.

రంగం అంటే రంగూన్. మా వైపు ముసలివాళ్ల నోట ఆ ఊరి పేరు అదే. అప్పట్లో శ్రీకాకుళం ప్రాంతం గంజాం జిల్లాలో, విజయనగరం విశాఖపట్నం జిల్లాలో, మొత్తం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. నాగావళి, వంశధార పక్కనే పారుతున్నా ఎక్కువ భూమి వాన మీదే ఆధారం, ఒక్క పంట. దాని మీద జమీందారీ శిస్తులు. 1866 కరవు ఒరిస్సాతో పాటు గంజాంని కూడా తినేసింది. అటు చూస్తే బర్మాలో బ్రిటిష్ వాళ్లు ఇరావతి డెల్టాని వరిపొలాలుగా మారుస్తున్నారు. కోతకి, రైసు మిల్లుకి, రేవులో బస్తాలు మోయడానికి మనుషులు కావాలి. బారువ, కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో స్టీమర్లు ఆగేవి, అక్కడ ఎక్కితే రంగంలో దిగడమే.

టికెట్ ఎవరు కొన్నారు అన్నది ముఖ్యం. కూలీల్ని పోగుచేసి తీసుకెళ్లే మేస్త్రీ కొనేవాడు. ఊళ్లోకి వచ్చి, టికెట్ డబ్బులు పెట్టి, ఇంట్లో ఆడవాళ్ల చేతిలో ఖర్చుకి కొంత అడ్వాన్సు ఉంచి మనిషిని తీసుకెళ్లేవాడు. ఆ బాకీ తీరేదాకా అతని కిందే పని. కూలీ కూడా అతని చేతుల మీదుగానే వచ్చేది, అతని కోత పోగా. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు 10 లక్షలు దాటారు, రంగూన్ నగరంలో సగానికి పైగా మనవాళ్లే, వాళ్లలో రేవు కూలీలు ఎక్కువమంది తెలుగువాళ్లు.

1929లో అమెరికాలో షేర్లు కుప్పకూలాయి. గార మండలంలో ఉన్న మా ఊరికీ న్యూయార్క్‌కీ ఏం సంబంధం అనిపిస్తుంది గానీ, బియ్యం ధర రెండు మూడేళ్లలో సగానికి పడిపోయేసరికి బర్మాలో మిల్లులు మనుషుల్ని తగ్గించేశాయి. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలీ పెంచమని సమ్మె చేశారు. స్టీమర్ల యజమానులు వాళ్ల బదులు బర్మా వాళ్లని పెట్టుకున్నారు. సమ్మె సర్దుబాటై మనవాళ్లు తిరిగి పనిలోకి వచ్చేసరికి, నిన్నటిదాకా ఆ పని చేసిన బర్మా వాళ్లని పొమ్మన్నారు. అంతే, గొడ్డళ్లు, కర్రలు లేచాయి. వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మన కూలీలే. ఒకరి పొట్ట ఇంకొకరి పొట్ట మీద కొట్టేలా చేసిన వాళ్ల మీద మాత్రం ఈగ కూడా వాలలేదు, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఆ తర్వాత రెండేళ్లలో బర్మాకి వచ్చేవాళ్ల కంటే వదిలి వెళ్లేవాళ్లు ఎక్కువయ్యారు. మా నాన్న తాత అలా 1931లో వచ్చేశాడు. ఆయన బాకీ అంతకుముందు ఏడే తీరింది. తమ్ముడిది తీరలేదు, ఇంకో రెండు కోతలు చేసి వస్తానన్నాడట. ఆ బాకీ తీరే లోపల కూలీ తగ్గింది, కూలీ తగ్గేసరికి బాకీ పెరిగింది, ఆయన అక్కడే ఉండిపోయాడు. 1941 డిసెంబర్ 23న జపాన్ వాళ్లు రంగూన్ మీద బాంబులు వేశాక లక్షలమంది అడవులు, కొండలు పట్టుకుని అస్సాం, మణిపూర్ వైపు నడిచారు, దారిలో కలరాతో, ఆకలితో వేలల్లో పోయారు. ఆయన ఇంటికి చేరలేదు. ఏ దారిలో ఏమయ్యాడో కబురే లేదు.

మా ఇంట్లో అటక మీద ఒక లక్క డబ్బా ఉంది. గుండ్రంగా ఉంటుంది, ఎర్ర లక్క మీద సన్నటి నల్ల గీతలు, లోపల ఆకులకి ఒక అర, వక్కకి చిన్న తట్ట. ఒక పక్క లక్క పెచ్చు ఊడి కింద వెదురు అల్లిక కనిపిస్తుంది. ముత్తాత 1931లో తెచ్చింది అదొక్కటే. మా నాయనమ్మ చచ్చిపోయే వరకు ఆకూ వక్కా అందులోనే పెట్టుకుంది.

బర్మాలో మిగిలినవాళ్ల కథ 1960లలో ముగిసింది. 1962లో సేనాపతి నే విన్ దేశం పగ్గాలు పట్టుకుని, తర్వాత వ్యాపారాలన్నీ జాతీయం చేశాక మూడు లక్షలమంది దాకా భారతీయులు వచ్చేశారు, సంపాదించిందంతా అక్కడ వదిలేసి. విశాఖపట్నం కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అంటే ఆటోవాళ్లు ఇప్పటికీ తీసుకెళ్లి దించుతారు.

రంగం దారి మూసుకుపోయాక రైలు దారి మిగిలింది. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్, కలకత్తా, తర్వాత విశాఖ రేవు, స్టీల్ ప్లాంట్, ఆ తర్వాత హైదరాబాద్. ఊళ్ల దగ్గర ఏమీ లేదని కాదు. విజయనగరం చుట్టూ జనపనార మిల్లులు, గరివిడిలో ఫెర్రో అల్లాయ్స్, ఆమదాలవలసలో సహకార చక్కెర ఫ్యాక్టరీ ఉండేవి. చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది, జనపనార మిల్లులు లాకౌట్ల మీద లాకౌట్లతో ఒక్కొక్కటీ చితికిపోయాయి. అవి బాగున్న రోజుల్లో పట్నంలో పని పోయినవాడు వచ్చి మిల్లులో రాని వాళ్ల బదులు పనిచేసే బదిలీ కార్మికుడిగా అయినా చేరేవాడు, ఆ వీలు పోయింది. 2001 నుంచి 2011 మధ్య విజయనగరం జిల్లా జనాభా 22.49 లక్షల నుంచి 23.44 లక్షలకే పెరిగింది, అంటే పదేళ్లలో 4 శాతం చిల్లర, రాష్ట్రం మొత్తం మీద 11 శాతం పెరిగితే. వెయ్యిమంది మగవాళ్లకి ఆడవాళ్లు విజయనగరంలో 1019, శ్రీకాకుళంలో 1015. మగవాళ్లు ఎక్కడున్నారో ఆ అంకెలే చెబుతాయి.

2008కి వస్తాను, ఎందుకంటే అది నేను చూసింది. సెప్టెంబర్ 15న అమెరికా బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. మన దేశం జీడీపీ మైనస్‌లోకి పోలేదు గానీ, అమెరికా పనుల మీద బతికే హైదరాబాద్‌కి గట్టి దెబ్బే తగిలింది. 2009 జనవరి 7న సత్యం కుంభకోణం బయటపడింది. క్యాంపస్‌లో సెలక్టయిన పిల్లలకి జాయినింగ్ తేదీ ఇవాళ, రేపు అంటూ నెలలు గడిచాయి. అపార్ట్‌మెంట్లు పిల్లర్ల దగ్గరే ఆగిపోయాయి, కూకట్‌పల్లి లేబర్ అడ్డాలో మావైపు సెంట్రింగ్ కుర్రాళ్లు పొద్దున్న ఆరింటికి నిలబడి పదింటికి టిఫిన్ కూడా తినకుండా రూముకి వెళ్లిపోవడం నేను రోజూ చూసేవాణ్ని. ఏప్రిల్‌లో నన్ను కూడా కంపెనీ తీసేసింది, ఒక్క మెయిల్‌తో.

నాన్నకి ఫోన్ చేశాను. నా బీటెక్ ఫీజుకి ఆయన ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు, అంటే ఏడాదికి 24 శాతం. ఆయన కాసేపు ఆగి అన్నాడు: "వచ్చీ బాబూ, అన్నానికి లోటేటి? వడ్డీ ఎవులు కడతారు?" గొంతులో కోపం లేదు, నిజంగానే నన్ను అడుగుతున్నాడు. నేను రాలేదు. కాల్ సెంటర్లో రాత్రి డ్యూటీ చేరాను, పాత జీతంలో సగం కంటే తక్కువ, ముగ్గురం ఒకే గదిలో. అసలు, వడ్డీ తీరాక 2011లో వచ్చేశాను. నాతో పాటు పని పోయిన ఇంకో కుర్రాడికి అప్పు లేదు, వాడు నెల తిరగకుండానే విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లిపోయి ఊళ్లో గ్రూప్స్‌కి చదివాడు. మా ఇద్దరి తెలివితేటల్లో తేడా లేదు, బాకీలోనే తేడా.

2020 సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి ప్రకటన, నాలుగు గంటల్లో దేశం బంద్. ఏప్రిల్–జూన్ త్రైమాసికంలో జీడీపీ దాదాపు 24 శాతం పడిపోయింది, తర్వాతి త్రైమాసికం కూడా మైనస్సే, ఆర్థికవేత్తలు మాంద్యం అనడానికి అడిగే కొలత అదే. మావాళ్లలో ఎక్కువగా చిక్కుకుపోయింది గుజరాత్ వేరావల్‌లో. ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం, బడివానిపేట, పూసపాటిరేగ మండలం తిప్పలవలస లాంటి ఊళ్ల మత్స్యకారులు ఏటా అక్కడికి బోట్ల మీద కళాసీలుగా, అంటే బోటు కూలీలుగా, వెళతారు. మన తీరంలో సరైన హార్బర్ లేదు, ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం ఎలాగూ ఉంది. ఇక్కడ కూడా సీజన్ ముందే అడ్వాన్సు, రంగం మేస్త్రీ పద్ధతే. 2018 నవంబర్‌లో అలా వెళ్లినవాళ్లే పాకిస్తాన్ వాళ్లకి చిక్కి, పదమూడు నెలలకు పైగా కరాచీ జైల్లో ఉండి 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. మూడు నెలలు తిరక్కుండానే లాక్‌డౌన్‌లో మిగతావాళ్లు బోట్లలోనే ఇరుక్కున్నారు, నాలుగు వేలమందికి పైగా బస్సుల్లో వచ్చారు. వచ్చినవాళ్లలో చాలామంది ఆగస్టు వేటకి మళ్లీ వెళ్లిపోయారు. అడ్వాన్సు ఖాతా అక్కడ తెరిచే ఉంది కదా.

అదే ఏడాది మార్చి 27న రిజర్వ్ బ్యాంక్ ఈఎంఐలకి మూడు నెలల మారటోరియం, అంటే వాయిదా, ఇచ్చింది, తర్వాత ఆగస్టు 31 దాకా పొడిగించింది. వడ్డీ పెరుగుతూనే ఉన్నా, ఊపిరి తీసుకోవడానికి కాస్త గడువు దొరికింది. ఆ గడువు బ్యాంకుల దగ్గర, ఫైనాన్స్ కంపెనీల దగ్గర అప్పున్నవాళ్లకే. బోటు యజమానికి, మేస్త్రీకి, రెండు రూపాయల వడ్డీ వ్యాపారికి బాకీ ఉన్నవాళ్లకి ఏ మారటోరియమూ లేదు. నాకు ఇది చిన్న విషయంలా అనిపించదు.

ఇప్పుడు తమ్ముడి దగ్గరికి వస్తే, 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని తీసేస్తానంది, 2025 జులైలో టీసీఎస్ కూడా 12,000 చిల్లర మందిని తగ్గిస్తానంది. దేశం లెక్కల్లో మాంద్యం లేదు. వాడి ఇంట్లో ఉంది. బాచుపల్లి దగ్గర ఫ్లాట్, నెలకి 38 వేల ఈఎంఐ, ఇంకా పదహారేళ్లు కట్టాలి. భార్య స్కూలు టీచరు, పాపకి ఆరేళ్లు. ఊరొస్తే నెల్లిమర్ల దగ్గర సొంత ఇల్లు, 70 సెంట్ల పొలం. పని? పైడిభీమవరంలో ఫార్మా కంపెనీలు ఉన్నాయి, వీడి పని అది కాదు. విశాఖలో గూగుల్ డేటా సెంటర్ అని 2025 అక్టోబర్‌లో ప్రకటించారు, 1500 కోట్ల డాలర్లు. మంచిదే, రావాలి, కానీ డేటా సెంటర్ అంటే వేలమంది కూర్చుని పనిచేసే ఆఫీసు కాదు.

అందుకే వాడితో ఉద్యోగాల సంగతి మాట్లాడలేదు. ఫ్లాట్ అద్దెకిస్తే ఎంతొస్తుంది అనడిగాను. 22 వేలు వస్తుందన్నాడు. మిగతా 16 వేలు ఊళ్లో కూర్చుని, చిన్న రిమోట్ పనో ఇంకోటో చేసి కట్టగలవా? బ్యాంకు గడువు పెంచి ఈఎంఐ తగ్గిస్తుందేమో అడిగావా? కంపెనీ ఇస్తానన్న మూడు నెలల జీతంలో ఒక్క రూపాయి కూడా క్రెడిట్ కార్డుకి పోకుండా ఆపగలవా? వాడు కాగితం మీద రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. ఆ 16 వేలు కుదిరితే వచ్చేయ్, కుదరకపోతే వచ్చినా ఆర్నెల్లలో ఇంకా తక్కువ జీతానికి తిరిగి వెళ్లాల్సి వస్తుంది. నాలాగా నువ్వూ ముందు బాకీ సంగతి చూసుకో అన్నాను.

మంగళవారం బ్యాంకుకి వెళతానన్నాడు. పిన్నికి ఇంకా చెప్పలేదు. ఆవిడ నిన్న పొద్దున్న నాకు ఫోన్ చేసి, మేడ మీది గదికి సున్నం వేయించాలి, మీ వైపు మేస్త్రీ ఎవరైనా ఖాళీగా ఉన్నారా అని అడిగింది.