అంతరిక్షం మీదుగా సైనికుల తరలింపు: వేగం సరే, దిగడం ఎలా?

2001 నవంబరులో అరేబియా సముద్రంలోని నౌకల నుంచి హెలికాప్టర్లలో బయలుదేరిన అమెరికా మెరైన్ దళాలు, దాదాపు 650 కిలోమీటర్లు ప్రయాణించి కాందహార్‌కు దక్షిణాన ఎడారిలో ఉన్న ఒక రన్‌వేను స్వాధీనం చేసుకున్నాయి. అఫ్గానిస్థాన్‌కు సముద్రతీరం లేదు కాబట్టి పాకిస్థాన్ మీదుగా ఎగరక తప్పలేదు, అందుకు ఆ దేశం ఒప్పుకోవలసి వచ్చింది. ఆ మరుసటి ఏడాదే మెరైన్ కోర్ తన భవిష్యత్తు అవసరాల జాబితాలో అసాధారణమైన కోరికను చేర్చింది. పదమూడు మంది సైనికులున్న చిన్న దళాన్ని భూమ్మీద ఏ మూలకైనా రెండు గంటల్లో, దారిలో ఏ దేశం అనుమతీ అడగకుండా చేర్చగల వాహనం కావాలన్నది దాని సారాంశం. 'సస్టెయిన్' అన్న సంక్షిప్త నామంతో ఆ ఆలోచన చాలాకాలం చర్చలో ఉంది.

అనుమతి సమస్య చిన్నదేమీ కాదు. 1986లో లిబియా మీద దాడికి బ్రిటన్ నుంచి బయలుదేరిన అమెరికా ఎఫ్-111 విమానాలకు ఫ్రాన్స్, స్పెయిన్ దారి ఇవ్వకపోవడంతో అవి అట్లాంటిక్ సముద్రం మీదుగా చుట్టు తిరిగి, గాలిలోనే పలుమార్లు ఇంధనం నింపుకుంటూ జిబ్రాల్టర్ జలసంధి గుండా వెళ్లవలసి వచ్చింది. 1944 నాటి షికాగో ఒప్పందం ప్రకారం ప్రతి దేశానికీ తన నేల మీది గగనతలంపై పూర్తి అధికారం ఉంది. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ప్రకారం అంతరిక్షం మీద ఎవరికీ అలాంటి అధికారం లేదు. గగనతలం ఎక్కడ ముగుస్తుందో ఏ ఒప్పందమూ తేల్చలేదు గాని, 100 కిలోమీటర్ల ఎత్తును సరిహద్దుగా భావించడం వాడుకలో ఉంది. ఆ ఎత్తుకు మించి వెళ్తే దారిలోని దేశాల అనుమతి అక్కరలేదన్నది మెరైన్ల వాదన. అయితే దిగవలసిన చోటు అంతరిక్షంలో ఉండదు. చివరి వంద కిలోమీటర్లూ ఎవరో ఒకరి గగనతలంలోనే గడుస్తాయి కనుక, తప్పించుకోగలిగేది మధ్యలోని దేశాలను మాత్రమే.

ఈ ఆలోచనకు 2004లో పెద్ద ఊపు వచ్చింది. ఆ ఏడాది బర్ట్ రూటన్ రూపొందించిన స్పేస్‌షిప్‌వన్ అనే ప్రైవేటు అంతరిక్ష వాహనం, ఒక పెద్ద విమానం కింద వేలాడుతూ పైకి వెళ్లి, అక్కడ రాకెట్ మండించి 100 కిలోమీటర్లు దాటింది. ప్రైవేటు వాహనమే అంతరిక్షాన్ని తాకినప్పుడు సైనిక వాహనం ఎంత దూరమన్న ఉత్సాహం సహజమే. కాని ఎత్తుకు వెళ్లడం వేరు, దూరం వెళ్లడం వేరు. స్పేస్‌షిప్‌వన్ వేగం సెకనుకు సుమారు ఒక కిలోమీటరు. విసిరిన రాయి ఎంత దూరం పడుతుందన్నది దాని వేగాన్ని బట్టి ఉన్నట్లే, వాతావరణం వెలుపల ఎగిరే వాహనం 10,000 కిలోమీటర్ల దూరం చేరాలంటే సెకనుకు ఏడు కిలోమీటర్లకు పైగా వేగం కావాలి. ఉపగ్రహం భూమి చుట్టూ తిరిగే వేగమే సెకనుకు 7.8 కిలోమీటర్లు. అంటే ఖండాంతర ప్రయాణమంటే దాదాపు కక్ష్యలోకి వెళ్లడమే. శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, కిలో బరువుకు స్పేస్‌షిప్‌వన్ కన్నా సుమారు యాభై రెట్ల శక్తి అవసరం. ఆ శక్తినంతా మోసుకెళ్లే రాకెట్ బరువులో 85 నుంచి 90 శాతం ఇంధనం, ఆక్సిజన్‌లే ఉంటాయి. 1960లలో డగ్లస్ సంస్థ ఇంజనీరు ఫిలిప్ బోనో 1,200 మంది సైనికులను మోయగల 'ఇథాకస్' అనే బృహత్తర రాకెట్‌ను ఊహించాడు. అది కాగితం దాటి రాలేదు.

ఎక్కించిన శక్తినంతా దిగేటప్పుడు వదిలించుకోవాలి. 2014 డిసెంబరు 18న శ్రీహరికోట నుంచి ఇస్రో పంపిన మానవరహిత వ్యోమనౌక 126 కిలోమీటర్ల ఎత్తుకు చేరి, బయలుదేరిన సుమారు ఇరవై నిమిషాలకు అండమాన్ సమీపంలో బంగాళాఖాతంలో పారాచూట్లతో దిగింది. ఓడకు రోజులు పట్టే దూరాన్ని అది నిమిషాల్లో దాటిందంటే ఈ మార్గపు వేగం ఎంతటిదో తెలుస్తుంది. అయితే ముగ్గురు పట్టగల ఆ నాలుగు టన్నుల లోపు నౌకను పంపడానికి ఆరు వందల టన్నులకు పైబడిన రాకెట్ కావలసి వచ్చింది, అది దిగింది కూడా ఖాళీ చేసి ఉంచిన సముద్రంలో. నేల మీద దిగే రష్యా వ్యోమనౌక సోయుజ్ 2003 మే నెలలో దారి తప్పి లక్ష్యానికి 460 కిలోమీటర్ల ఇవతల పడినప్పుడు అందులోని ముగ్గురూ తమ బరువుకు ఎనిమిది రెట్ల ఒత్తిడిని భరించారు. సహాయ బృందాలు చేరడానికి గంటలు పట్టింది. ఎదురుగా శత్రువున్న సైనికుడికి ఆ గంటలు దొరకవు.

రెండు గంటలన్న లెక్క కూడా రాకెట్ పైకి లేచాకే మొదలవుతుంది. ద్రవ ఆక్సిజన్ వంటి అతిశీతల ద్రవాలను ముందే నింపి రోజుల తరబడి ఉంచలేరు; పైగాలులు, మెరుపులు ప్రయోగాన్ని ఆపేస్తాయి. 2023 సెప్టెంబరులో అమెరికా అంతరిక్ష దళం ఆదేశం అందిన 27 గంటల్లో ఒక చిన్న ఉపగ్రహాన్ని పంపి రికార్డు నెలకొల్పింది. అదే పారాచూట్లతో దిగే అమెరికా 82వ ఎయిర్‌బోర్న్ డివిజన్ సైనికులైతే పిలుపు అందిన 18 గంటల్లో విమానమెక్కడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది వేరొకటి. రాడార్‌కు, పరారుణ ఉపగ్రహానికి సైనికుల రాకెట్టుకూ అణు క్షిపణికీ తేడా తెలియదు. 1995 జనవరి 25న నార్వే నుంచి ధ్రువకాంతుల పరిశోధనకు ఎగిరిన రాకెట్‌ను రష్యా హెచ్చరిక వ్యవస్థ జలాంతర్గామి నుంచి వచ్చిన క్షిపణిగా అనుమానించింది. అణుదాడికి ఆదేశమిచ్చే పెట్టె అధ్యక్షుడు యెల్త్సిన్ ముందు తెరుచుకుంది. ఆ ప్రయోగం గురించి నార్వే ముందే తెలిపినా ఆ సమాచారం చేరవలసిన వారికి చేరలేదు. రహస్యంగా దిగాలనుకునే దళం ముందుగా ఎవరికీ తెలపదు. పదమూడు మందిని కాపాడడానికో చేర్చడానికో అంతటి ప్రమాదాన్ని ఆహ్వానించడం నా దృష్టిలో క్షమార్హం కాదు.

తిరుగు ప్రయాణానికీ జవాబు లేదు. దిగిన వాహనంలో ఇంధనం మిగలదు, నింపడానికి అక్కడ ఏర్పాట్లూ ఉండవు. లోపలికి వెళ్లిన వారిని బయటికి తేవడానికి మళ్లీ హెలికాప్టర్లు, వాటికి మళ్లీ పొరుగు దేశాల అనుమతి కావలసి వస్తుంది.

అందుకే కాబోలు, 2021లో అమెరికా వైమానిక దళం 'రాకెట్ కార్గో' అనే పథకాన్ని ప్రకటించినప్పుడు సరుకు మీదే దృష్టి పెట్టింది. ప్రపంచంలో ఎక్కడికైనా గంటలోపు వంద టన్నుల వరకు చేర్చడం దాని ఉద్దేశం. 2022లో స్పేస్‌ఎక్స్ సంస్థకు పది కోట్ల డాలర్లకు పైబడిన ఒప్పందం దక్కింది. భూకంపం వచ్చిన చోటికి ఔషధాలు చేర్చడంలో దాపరికం అక్కరలేదు, ఎవరినీ వెనక్కి తేనవసరం లేదు కనుక ఈ మలుపు సరైనదేనని నేను నమ్ముతున్నాను. అయితే దిగడానికి గట్టి వేదిక, చుట్టూ విశాలమైన నిర్జన ప్రదేశం ఇక్కడా తప్పనిసరి. అలాంటి చోటుగా పసిఫిక్ మహాసముద్రంలోని జాన్‌స్టన్ దీవిని 2025 మార్చిలో ప్రతిపాదించారు. లక్షలాది సముద్రపక్షులు గూళ్లు కట్టుకునే ఆ దీవి గురించి పర్యావరణవేత్తలు అభ్యంతరం చెప్పడంతో, ఆ ఏడాది జులైలో వైమానిక దళం అక్కడి ప్రణాళికను నిలిపివేసి ప్రత్యామ్నాయాలు వెతకడం మొదలుపెట్టింది.