రెండు తలల పాము కోట్ల బేరం: అపోహలు - వాస్తవాలు

"సార్, రెండు తలల పాముకు రేటెంత నడుస్తుంది?" నర్సంపేట, పరకాల వైపు నుంచి ఇలాంటి ఫోన్లు నాకు వస్తూనే ఉంటాయి. నేను ఫారెస్ట్ సెక్షన్ ఆఫీసర్‌నని తెలిసే అడుగుతారు.

అపోహ: ఆ పాము కోట్లు పలుకుతుంది.

వాస్తవం: దానికి ఉన్నది ఒక్కటే తల. ఇసుక నేలల్లో దాక్కుని ఎలుకలు తిని బతికే విషం లేని పాము. మొద్దు తోక తలలా కనిపిస్తుందంతే. ఆ తోకకు వాత పెట్టి కళ్లు తెప్పించే దుర్మార్గులున్నారు. ఇది క్యాన్సర్‌కు మందని, గుప్తనిధులు చూపిస్తుందని చెప్పేవి శుద్ధ అబద్ధాలు. బ్రోకర్ ముందు తూకం అడుగుతాడు, ఐదు కిలోలుండాలంటాడు. మీటరు దాటడమే అరుదైన పాము అంత ఎక్కడ తూగుతుంది? తర్వాత టెస్టింగ్ ఖర్చులంటాడు, ముంబై నుంచి కొనే పార్టీ దిగిందంటాడు. పార్టీ రాదు. వస్తే, ఆ వేషంలో వచ్చేది చాలాసార్లు మేమే. పట్టడం, దాచడం, అమ్మడం, కొనడం అన్నీ నేరమే.

రెండేళ్ల కింద ములుగు రోడ్డు మీద ఒక ఆటో డ్రైవర్ దొరికాడు. బియ్యం సంచిలో పాము. భార్య పుస్తెలతాడు కుదువబెట్టి అరవై వేలు బ్రోకర్‌కు కట్టాడు. "బిడ్డ పెండ్లి ఉంది సార్, అందుకే ఆశపడ్డ" అన్నాడు. బ్రోకర్ ఫోన్ అప్పటికే స్విచ్చాఫ్. కేసు రాసింది నేనే. అతని భార్య మా ఆఫీసు బయట వానలో నిలబడే ఉంది, లోపలికి రమ్మన్నా రాలేదు.

మిగతా అపోహల సంగతి: నక్కకు కొమ్ము ఉండదు. అదృష్టం తెస్తుందని అమ్మే హత్తాజోడి చెట్టు వేరు కాదు, ఉడుము మర్మాంగం. అలుగు (పాంగోలిన్) పొలుసు మన గోళ్లలాంటి పదార్థమే, మందు కాదు. రామచిలుకను పంజరంలో పెట్టడం నేరం, తాతల నాటి అలవాటైనా సరే.

అపోహ: పాము దొరికిందని చెప్తే మన మీదే కేసు.

వాస్తవం: ఈ భయం నాకు అర్థమవుతుంది. కానీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 39 ప్రకారం మీ చేతికొచ్చిన వన్యప్రాణి గురించి 48 గంటల్లో మాకో, పోలీసులకో చెప్పాలి. అలా చెప్పడం మీ బాధ్యత నెరవేర్చడమే. పరకాల దగ్గర ఒక అవ్వ ఈ పామును బకెట్లో పెట్టి, మూత మీద రాయి పెట్టి, మనుమడు జైలుకు పోతాడని రాత్రంతా కూర్చుంది. తెల్లారి ఫోన్ చేసింది. "కొడుకా, సంతకం పెట్టమనవు కదా?" అని రెండుసార్లు అడిగింది. పామును తీసుకుని బయల్దేరబోతుంటే ఆపి, చాయ్ పోసింది.