కొండపత్తికి బీటీ పత్తితో పొత్తు ఎందుకు కుదరదు?

శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్న ఖాదీ నేతకు కొండపత్తే కావాలి. దాని దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి గాని వడకరు. ఆ పత్తి సాగు తగ్గుతోందన్న మాట వస్తే చాలు, ఓ అనుమానం కూడా వస్తుంది: పక్క చేలో బీటీ పత్తి వేస్తే ఆ పుప్పొడి తగిలి మన పత్తి చెడిపోదా?

కొండపత్తి ఆసియా దేశవాళీ జాతి, గాసిపియం ఆర్బోరియం. కణానికి 26 క్రోమోజోములు. 2002లో మన దేశంలో అనుమతి పొందిన బీటీ రకాలు అమెరికా పత్తివి, గాసిపియం హిర్సుటం. వాటికి 52, సరిగ్గా రెట్టింపు.

పత్తి వంశం 50 లక్షల నుంచి కోటి ఏళ్ల కిందట రెండుగా చీలింది. ఒక శాఖ ఆఫ్రికా, ఆసియాల్లో, ఇంకోటి అమెరికాలో పెరిగింది. మధ్యలో సముద్రం ఉంటే పుప్పొడి రాకపోకలుండవు కదా, ఎటువాళ్లు అటే మారిపోయారు. ఇలా భూగోళం విడదీస్తేనే కొత్త జాతులు పుడతాయని 1942లో పక్షుల నిపుణుడు ఎర్నెస్ట్ మయర్ గట్టిగా వాదించారు. చాలా జంతువుల విషయంలో ఆ మాట నిలబడింది. మొక్కలు మాత్రం అంత బుద్ధిగా వినలేదు.

10–20 లక్షల ఏళ్ల కిందట ఆఫ్రికా, ఆసియా శాఖకు చెందిన పత్తి గింజ ఒకటి, బహుశా నీటిలో తేలుతూ, అమెరికా చేరి అక్కడి దాయాదితో సంకరమైంది. పుప్పొడిలోనూ అండంలోనూ క్రోమోజోములు సగమే ఉంటాయి, అందుకే పుట్టిన మొక్కకు ఇటువి 13, అటువి 13. జతలు సరిగా కుదరవు కాబట్టి అది గొడ్డుమొక్కే అయి ఉండాలి. కానీ ఎలాగో క్రోమోజోములు రెట్టింపై అన్నిటికీ జత దొరికింది. గింజ కట్టింది. తల్లిదండ్రుల పక్కనే, ఏ సముద్రమూ అడ్డం లేకుండా, వాటితో సంతతి సాగని కొత్త జాతి నాలుగు తరాలైనా పట్టకుండా తయారైంది.

అమెరికా పత్తిలో 13 పెద్ద జతలు, 13 చిన్న జతలు ఉన్నాయని చూసి స్కోవ్‌స్టెడ్ అనే శాస్త్రవేత్త 1934లోనే ఈ కథ పసిగట్టాడు. 1940లో బీస్లీ అనే మరో శాస్త్రవేత్త దాన్ని చేసి చూపించాడు. ఆర్బోరియాన్నే, అంటే మన కొండపత్తి జాతినే, అమెరికా అడవిపత్తితో కలిపి, కాల్చిసిన్ మందుతో క్రోమోజోములు రెట్టింపు చేశాడు.

ఇక పొందూరు అనుమానం. కొండపత్తి అండంలో 13, బీటీ పుప్పొడిలో 26. అసలు కలవడమే కష్టం, కలిసినా 39 క్రోమోజోముల మొక్కకు విత్తనం కట్టడం దాదాపు అసాధ్యం. కల్తీ భయమంటూ ఉంటే అది విత్తనాల మూటలో, జిన్నింగు మిల్లులో. సాగు తగ్గడానికి పుప్పొడిని నిందించే ముందు కొండపత్తి ఎకరాకు ఎంత దిగుతోంది, రైతుకు ఏం గిడుతోంది అన్నది చూడాలి.