ఫెర్మా పొరబడిన సంఖ్య

4,29,49,67,297. రెండును ముప్పై రెండు సార్లు వేసి గుణించి, వచ్చినదానికి ఒకటి కలిపితే వచ్చే సంఖ్య ఇది. ముప్పై రెండు బిట్లతో కంప్యూటర్ రాయగలిగే విలువలెన్నో లెక్కపెడితే, వాటికంటే ఇది సరిగ్గా ఒకటి ఎక్కువ. నాకు మాత్రం ఇది ప్రియమైనది మరో కారణంగా: పదిహేడో శతాబ్దపు ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా అంతటివాడిని ఇది పొరబడేలా చేసింది.

2+1, 2²+1, 2⁴+1, 2⁸+1, 2¹⁶+1. ఘాతం ప్రతిసారీ రెట్టింపవుతుంది. వచ్చేవి 3, 5, 17, 257, 65,537. అన్నీ ప్రధాన సంఖ్యలే; అంటే ఒకటీ, ఆ సంఖ్యా తప్ప మరేదీ వాటిని నిశ్శేషంగా భాగించదు. ఈ వరుసలో ఎంత దూరం వెళ్ళినా ప్రధాన సంఖ్యలే వస్తాయని 1640లో ఫెర్మా నమ్మాడు. నిరూపణ తన దగ్గర లేదని ఒప్పుకుంటూనే నమ్మాడు. వరుసలో తర్వాతిదే మన సంఖ్య.

1729లో గణితవేత్త గోల్డ్‌బాక్ ఈ మాట నిజమేనా అని తోటి గణితవేత్త ఆయిలర్‌కు ఉత్తరం రాశాడు. 1732లో, పాతికేళ్ళ వయసులో, ఆయిలర్ జవాబు చెప్పాడు: దీన్ని 641 నిశ్శేషంగా భాగిస్తుంది. భాగఫలం 67,00,417.

ఇది సరిచూడటానికి పది అంకెల భాగహారం అక్కర్లేదు, చిత్తు కాగితం చాలు. 2¹⁶ అంటే 65,536. దాన్ని 641తో భాగిస్తే శేషం 154. 2¹⁶ను వర్గం చేస్తే 2³² వస్తుంది కాబట్టి, శేషం కోసం 154ను వర్గం చేస్తే సరిపోతుంది: 23,716. దాన్ని మళ్ళీ 641తో భాగిస్తే మిగిలేది 640. చివరి ఒకటీ కలపగానే 641 నిండిపోతుంది. ఈ లెక్క మొదటిసారి చేసినప్పుడు ఆ 640 దగ్గర పెన్ను ఆపి చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

మరి ఆయిలర్‌కు 641 తట్టిందెలా? ఈ సంఖ్యను భాగించే ఏ ప్రధాన సంఖ్యయినా 64 గుణిజం కంటే ఒకటి ఎక్కువగానే ఉండాలి. ఆయన తర్వాతి కాలంలో నిరూపించిన నియమమిది. ఆ జల్లెడలో మిగిలేవి 193, 257, 449, 577, 641... అంటే అయిదో ప్రయత్నానికే గుట్టు బయటపడుతుంది. పైగా ఈ నియమం ఫెర్మా తానే కనుక్కున్న సిద్ధాంతం నుంచి నేరుగా వస్తుంది. ఆ దారి తోచకపోయినా, 2 నుంచి మొదలుపెట్టి వరుసగా ప్రధాన సంఖ్యలతో భాగించుకుంటూ వెళ్తే 641 వచ్చేది 116వదిగా. ఓపిక పడితే రెండు మూడు రోజుల పని. ఫెర్మా ఎందుకు చేయలేదో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టదు.

65,537 తర్వాత ఈ వరుసలో ఒక్క ప్రధాన సంఖ్య కూడా ఇప్పటిదాకా దొరకలేదు. మన సంఖ్య మొదలుకొని వరుసగా ఇరవై ఎనిమిది సంయుక్త సంఖ్యలని తేలింది. ఆ తర్వాతిదాన్ని పూర్తిగా రాస్తే 258 కోట్లకు పైగా అంకెలుంటాయి. అది ప్రధానమో కాదో ఇంకా తేలలేదు.