రిపోర్టులో 4: హెపటైటిస్ బి బూస్టర్ ప్రశ్న వెనక కథ

తిరుపతిలో మా వీధి చివరింటి అక్క మొన్న ఫోన్‌లో ల్యాబ్ రిపోర్టు చూపించింది. కూతురు నర్సింగులో చేరింది. కాలేజీలో హెపటైటిస్ బి యాంటీబాడీ పరీక్ష అడిగారు. అంటే, ఆ వైరస్‌ను అడ్డుకోవడానికి ఒంట్లో తయారయ్యే రక్షక పదార్థం ఎంతుందో చూడటం. కనీసం 10 ఉండాలట, వచ్చింది 4. "చిన్నప్పుడు మూడు సూదులూ వేయించినామే, మళ్లీ మొదట్నించీ వేయించాల్నా?" అని ఆమె టెన్షన్. మడతల దగ్గర చిరిగిన టీకా కార్డు కూడా తెచ్చింది. మూడు తేదీలూ ఉన్నాయి, 2008వి.

మన వైపు విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు, కామెర్లకు నేల ఉసిరి పసరు. నీళ్ల వల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకు వస్తుంది. హెపటైటిస్ బి కూడా లివర్‌కు వచ్చే వైరస్ జబ్బే, కానీ అలా కాదు. రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు అంటుతుంది. పెద్దయ్యాక అంటితే నూటికి 95 మందికి వదిలిపోతుంది. పుట్టగానే అంటితే 90 మందిలో తిష్ఠ వేస్తుంది. ఏళ్ల తర్వాత లివర్ గట్టిపడడం, క్యాన్సర్ దాకా పోవచ్చు.

ఈ వైరస్ ఆనవాలును ఒక ఆస్ట్రేలియా ఆదివాసీ రక్తంలో పట్టి, 1965లో ప్రకటించినవాడు బరూచ్ బ్లుంబర్గ్. 1976లో నోబెల్ వచ్చింది. తమాషా ఏమిటంటే, 1988లో మద్రాసు పరిశోధకులతో కలిసి నేల ఉసిరి మీద అధ్యయనం ప్రచురించిందీ ఆయనే. మొదట ఆశ కలిగింది కానీ, తర్వాతి పరీక్షల్లో ఆ ఫలితం నిలవలేదు. నిలిచింది టీకా.

1981 నాటి తొలి టీకాను వైరస్ ఉన్నవాళ్ల ప్లాస్మా నుంచి తీశారు. 1986లో ఈస్ట్‌తో చేసేది వచ్చింది. మన దగ్గర మాత్రం దిగుమతి డోసు వందల రూపాయలు. నెల్లూరు జిల్లాకు చెందిన వరప్రసాద్ రెడ్డి పెట్టిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో హైదరాబాద్ నుంచి దేశీ టీకా తెచ్చాకే ధర దిగింది. ప్రభుత్వం 2002లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, 2007-08లో ఆంధ్రప్రదేశ్‌తో సహా 10 రాష్ట్రాలకు, 2011లో దేశమంతటికీ విస్తరించింది. ఆ కార్డులోని 2008 వెనక ఉన్నది ఇదే.

ఇక ఆ 10. మిల్లీలీటరు రక్తంలో యాంటీబాడీలు 10 మిల్లీ యూనిట్లు దాటినవాళ్లకు రక్షణ ఉన్నట్టు తొలి పరీక్షల్లో తేలింది. అది టీకా పూర్తయిన ఒకటి రెండు నెలలకు చూసే లెక్క. పదిహేనేళ్లకు చూస్తే పసితనంలో వేయించుకున్నవాళ్లలో చాలామందికి అది దిగిపోయి ఉంటుంది. అయినా వైరస్‌ను గుర్తుపెట్టుకున్న కణాలు ఉంటాయి. ఈ జబ్బు బయటపడడానికి ఆరు వారాల నుంచి ఆరు నెలలు పడుతుంది కాబట్టి, అవి మేలుకుని యాంటీబాడీలు తయారుచేయడానికి టైమ్ ఉంటుంది.

అమెరికాలోని అలస్కాలో 1981లో టీకా వేసినవాళ్లను 30 ఏళ్ల తర్వాత చూస్తే సగం మందికే 10 ఉంది. మిగతావాళ్లలో బూస్టర్, అంటే అదనపు డోసు, వేసిన నెలకు 88 శాతం మందికి అంకె మళ్లీ లేచింది. అయితే వాళ్లంతా టీకా నాటికి ఆరు నెలలు దాటినవాళ్లు. పుట్టిన వారాల్లోనే వేస్తే అంకె ఇంకా త్వరగా పడుతుంది. అయినా ఆరోగ్యంగా ఉన్న పిల్లలందరికీ బూస్టర్ అక్కర్లేదనే ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. నాకూ అదే సబబనిపిస్తుంది. డయాలసిస్ వాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు, రోజూ సూదులతో పనిచేసేవాళ్లు వేరే లెక్క.

ఈ అమ్మాయి ఆ చివరి కోవలోకి వస్తుంది. ఒక డోసు వేసి, నెల రెండు నెలలకు మళ్లీ పరీక్ష చేస్తారు. 10 దాటితే సరి, దాటకపోతేనే మిగతా రెండూ. అది చెప్పాక అక్క కార్డు మడిచి కవర్లో పెట్టింది.

"పెద్దోడి కార్డు?" అన్నాను. వాడు 2001లో పుట్టాడు, రక్త పరీక్షల ల్యాబ్‌లో పని.

"వాడికి ఈ సూదే వేయించలేదు కదా" అంది.