హబూగో హామ్: గిట్ట చూసి కొనకండి

స్పెయిన్ దక్షిణాన, ఉఎల్వా కొండల్లోని చిన్న ఊరు హబూగో. ఉప్పులో ఊరబెట్టి ఆరబెట్టిన పంది వెనక కాలుకి, అంటే హామోన్‌కి, దానికున్న పేరు పెద్దది. పేరుతోపాటే అపోహలూ పెరిగాయి.

అపోహ: గిట్ట నల్లగా ఉంటే మేలురకం.

వాస్తవం: నల్ల గిట్ట వేరే జాతులకీ ఉంటుంది. చూడాల్సింది కాలికి బిగించిన ప్లాస్టిక్ పట్టీ. 2014 చట్టం ప్రకారం రంగులు నాలుగు. నలుపైతే నూరు శాతం ఇబెరికో అనే స్పెయిన్ పంది జాతి, చివరి నెలల్లో ఓక్ కాయలు మేసింది. ఎరుపుకి మేత అదే, జాతి మాత్రం సంకరం. ఆకుపచ్చ అంటే ఆరుబయట తిరుగుతూ దాణా కూడా తిన్నది. తెలుపు అంటే దొడ్లో దాణాతో పెరిగింది. ‘పాతా నెగ్రా’ (నల్ల కాలు) అన్న మాట నల్ల పట్టీకే చెల్లుతుంది. పట్టీ చూపించమంటే మాట దాటేసే కొట్టులో కొనకండి.

అపోహ: పంది కూడా హబూగోదే.

కానక్కర్లేదు. పొరుగున ఎక్స్‌త్రెమదూరాలో మేసినవీ ఇక్కడికి వస్తాయి. ఊరిది ఆరబెట్టే గాలి, నేలమాళిగ.

అపోహ: ఎప్పుడెళ్ళినా చెట్ల కింద పందులు కనిపిస్తాయి.

కాయల మేత సుమారు అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకానే. అందులో కనీసం 60 రోజులు మేసి, 46 కిలోలు పెరగాలి. ఆగస్టులో వెళ్తే ఎండు గడ్డే మిగులుతుంది. రైల్లో వెళ్ళేవాళ్ళకి ఇంకో మాట: హబూగో పేరున్న స్టేషను ఊళ్ళో లేదు, ఎల్ రెపిలాదో దగ్గర దిగాలి.

అపోహ: తెల్ల చుక్కలుంటే పాడైనట్టే.

వాస్తవం: ఆవకాయ మీద బూజు చూసి జాడీ పారబోసే మనకి ఈ భయం సహజమే. కోసిన ముక్కలో కనిపించే తెల్ల చుక్కలు బూజు కావు. మాంసకృత్తులు విరిగి, టైరోసిన్ అనే అమైనో ఆమ్లం గడ్డకట్టిన పలుకులవి, బాగా మాగిందనడానికి గుర్తు. పైతోలు మీది బూజుని నూనె గుడ్డతో తుడిస్తే సరి. అసలు చెడు ఎముక దగ్గర మొదలవుతుంది. 0–5 డిగ్రీల చలిలో, సుమారు కిలోకి ఒక రోజు లెక్కన ఉప్పులో ఉంచుతారు. ఉప్పు లోపలిదాకా చేరకముందే వేడి తగిలితే కీలు దగ్గర కుళ్ళుతుంది. అందుకే పనివాళ్ళు సన్నటి ఎముక పుల్లని గుచ్చి తీసి, వెంటనే వాసన చూస్తారు. 7 కిలోలు, అంతకు పైబడిన కాలికి ఉప్పు నుంచి మాగడం దాకా కనీసం 730 రోజులు పట్టాలి.

అపోహ: ఫ్రిజ్‌లోంచి తీసి, మందంగా కోసుకుంటేనే రుచి.

చల్లటి కొవ్వు నాలుక మీద కరగదు. 22 డిగ్రీల దగ్గర, వెనక అక్షరాలు కనిపించేంత పల్చగా కోయాలి. పచ్చబడిన పైకొవ్వు కనరు కొడుతుంది, దాన్ని చెక్కేయాలి, కానీ ఆ రోజు కోసే మేరకే. నెమ్మదిగా తినే ఇంట్లో కాలు సన్నగా ఉన్న వైపు, అంటే బాబియ్యా వైపు ముందు మొదలుపెట్టాలి, అదే తొందరగా ఎండిపోతుంది.

అపోహ: గాలి తీసిన ప్యాకెట్టు ఎక్కడికైనా తీసుకెళ్ళొచ్చు.

అమెరికాకి కుదరదు. స్పెయిన్ హామ్ సామానులో దొరికితే విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. అడిగినప్పుడు దాచకుండా చెప్తే జరిమానా తప్పుతుంది.